స్విఫ్ట్ డైరీ: మొదటి డైనో కాగితం చదివిన తీరు

జనవరి 18, హన్మకొండ

బాపు కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. 2007 స్విఫ్ట్, పెట్రోల్, 1.3 ఇంజన్. మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు బాపు కాజీపేట నుంచి జనగామకు రోజూ ఇందులోనే వెళ్లొచ్చారు. అమ్మేద్దామంటే ఆయనకు మనసు రాలేదు, నాకూ రాలేదు.

ఇంజన్ జీ13బీబీ. 1298 సీసీ, బోరు 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ., నాలుగు సిలిండర్లకు 16 వాల్వులు, ఒకటే క్యామ్. కంపెనీ లెక్కలో 6000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 87 హార్స్ పవర్, 4500 దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఊళ్లో తిరిగితే బండికి ఏ లోటూ కనిపించదు. హైవే ఎక్కి నలుగురిని కూర్చోబెట్టుకుని, ఆలేరు దాటాక లారీని దాటుదామని మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే మాత్రం 5000 తర్వాత మొండికేస్తుంది. చప్పుడు పెరుగుతుంది, బండి పెరగదు.

కార్లకు పికప్ పెంచే ఒక షాపులో అడిగితే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసి, హెడ్డు విప్పి పోర్టింగ్ (గాలి, పొగ వెళ్లే దారులను అరగదీసి వెడల్పు చేయడం) చేద్దామన్నారు. నాకూ ఆశగానే ఉంది. మా మెకానిక్ అన్న ఒప్పుకోలేదు. "ముందు బండిల ఏమున్నదో సూడు తమ్మీ. ఇయ్యాల ఎంతున్నదో తెల్వకుంట రేపు ఎంత పెరిగిందో ఎట్ల చెప్తవ్?" అన్నాడు. ఆ మాట మీదే ఈ డైరీ మొదలుపెట్టాను. స్పానర్ ముట్టేముందు డైనో, అంటే బండి బలాన్ని కొలిచే యంత్రం.

ఫిబ్రవరి 1

డైనోకు ముందు బండిని ఎంతవరకు బాగుచేయాలన్నది తేల్చుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. ఏమీ చేయకుండా తీసుకెళ్తే పాత ప్లగ్గుల జబ్బు కూడా ఇంజన్ ఖాతాలో పడుతుంది. అన్నీ మార్చేసి తీసుకెళ్తే దేనివల్ల ఏం మారిందో తెలియదు. చివరికి మామూలు సర్వీసులో మార్చేవి మాత్రమే మార్చాం: ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, నాలుగు ప్లగ్గులు. గేరు బాక్సు ఆయిల్ మట్టం చూశాం. ముందు టైర్లలో 32 పీఎస్ఐ గాలి.

సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతుందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగూ చూశాం. ఎక్కువ దానికీ తక్కువ దానికీ మధ్య 6 పీఎస్ఐ తేడా మాత్రమే వచ్చింది. "బోరు పని అక్కర్లే, కడుపుల గట్టిగనే ఉన్నది" అన్నాడు అన్న. ఈ అంకె తర్వాత చాలా అక్కరకొచ్చింది.

ఫిబ్రవరి 7, హైదరాబాదు

తెల్లారి నాలుగున్నరకు బయలుదేరాం. మడికొండ, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్. అన్న కూడా వచ్చాడు. మే నెల కాకుండా ఫిబ్రవరి పొద్దున్నే ఎంచుకున్నది ఊరికే కాదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, పలచటి గాలిలో ఆక్సిజన్ తక్కువ, ఇంజన్ అంత తక్కువ లాగుతుంది.

డైనో అంటే ఏమిటో తెలియనివాళ్లకు రెండు మాటలు. డిప్లొమాలో మా థర్మల్ ల్యాబ్‌లో ఒకటే సిలిండర్ ఉన్న డీజిల్ ఇంజన్ ఉండేది. దాని డ్రమ్ముకు తాడు చుట్టి, ఒక కొసకు బరువులు, ఇంకో కొసకు స్ప్రింగ్ త్రాసు. తాడు బిగించి డ్రమ్మును ఆపబోతే ఇంజన్ ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుందో త్రాసు చెప్పేది. అదే టార్క్. దాన్ని తిరిగే వేగంతో హెచ్చిస్తే పవర్. 1821లో ఫ్రాన్స్‌లో ప్రోనీ అనే ఇంజనీరు చేసిన బ్రేకుదీ ఇదే పద్ధతి. బ్రేక్ హార్స్ పవర్ అన్న మాటలోని బ్రేక్ ఇలా ఆపి కొలిచే బ్రేకే. కార్ల డైనోలో తాడు బదులు నేలలో రోలర్లు ఉంటాయి. మేం వెళ్లిన చోట రోలరుకు ఎడ్డీ కరెంట్ బ్రేకు ఉంది, అంటే అయస్కాంత బలంతో పట్టి ఆపే బ్రేకు. దీనితో ఒక లాభం ఉంది: ఇంజన్‌ను ఒకే ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచవచ్చు. బరువైన రోలరును ఎంత త్వరగా తిప్పగలదో మాత్రమే చూసే రకం డైనోలో అది కుదరదు.

ముందు చక్రాలు రోలర్ల మీద, వెనక రెండు వైపులా బెల్టులు, ముందు పెద్ద ఫ్యాను, సైలెన్సర్ కొసలో ఏఎఫ్ఆర్ సెన్సరు, అంటే గాలికీ పెట్రోలుకూ ఉన్న పాళ్లు చూపేది. నాలుగో గేరు పెట్టించారు, ఎందుకంటే ఈ బాక్సులో ఒకటికి ఒకటి నిష్పత్తికి అదే దగ్గర.

మూడు రన్‌లు చేశాం, అంటే కింది ఆర్పీఎం నుంచి పైదాకా పూర్తిగా తొక్కి కొలవడం. చక్రాల దగ్గర, ఏ సవరణా లేకుండా వచ్చిన గరిష్ఠ పవర్ వరుసగా 60.7, 63.1, 62.9. మొదటిది లెక్కలోకి తీసుకోలేదు. గేరు బాక్సు ఆయిల్, టైర్లు అప్పటికి వేడెక్కలేదు. రెండు, మూడు మధ్య తేడా 0.2 మాత్రమే. నా దృష్టిలో ఆ రోజు దొరికిన అంకెలన్నింటిలో విలువైనది ఈ 0.2. రెండు రన్‌ల మధ్య మూడు హార్స్ పవర్లు ఊగే డైనో మీద, రేపు రెండు హార్స్ పవర్లు పెరిగాయని ఎవరు చెప్పినా నమ్మలేం.

నాలుగోది రన్ కాదు. 5400 దగ్గర బ్రేకు వేసి పట్టి ఉంచమని అన్న అడిగాడు. పూర్తిగా తొక్కి నాలుగు సెకన్లు ఉంచారు. ఏఎఫ్ఆర్ 14.9 నుంచి 15.6కు పాకింది. ఆపరేటర్ వెంటనే కాలు తీసేశాడు. "ఇంక గుంజొద్దన్నా, లీన్ పోతున్నది" అన్నాడు. లీన్ అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ కావడం. మంచి పని చేశాడు.

ఫిబ్రవరి 8, 9, 10

మూడు రాత్రులు డైనో వాళ్లిచ్చిన కాగితం ముందే గడిచాయి. వచ్చిన వెంటనే బాపు అడిగిన ప్రశ్న "87 ఉండాలంటివి, 63 వచ్చిందా? మిగతాది ఏడ పోయింది?" అని. అందరూ అడిగేది ఇదే కాబట్టి బాపుకు చెప్పినట్టే రాస్తాను.

87 అనేది ఇంజన్ చివర, క్లచ్ పెట్టకముందు కొలిచింది. 63 అనేది చక్రం దగ్గరిది. మధ్యలో గేర్లు, డిఫరెన్షియల్, యాక్సిల్, బేరింగులు, టైరు నలగడం, అన్నీ తలా కొంత తింటాయి. ముందు చక్రాలు తిరిగే మాన్యువల్ కారుకు 15 శాతం దాకా పోతుందని వాడుకలో ఉన్న అంచనా. ఆ లెక్కన కొత్త స్విఫ్ట్ కూడా చక్రం దగ్గర 74 చూపిస్తుంది.

రెండోది గాలి. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, మన వరంగల్ 300 లోపే. ఆ పొద్దున డైనో గదిలో 27 డిగ్రీలు, గాలి పీడనం 952 మిల్లీబార్లు, అందులో తేమ వాటా తీసేస్తే పొడి గాలిది 938. ఎస్‌ఏఈ జే1349 అనే ప్రమాణం 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలిని ఆధారంగా తీసుకుంటుంది. దాని సూత్రం ఇది: 990ని ఆ రోజు పొడి గాలి పీడనంతో భాగించాలి. ఉష్ణోగ్రతకు 273 కలిపి, 298తో భాగించి, వర్గమూలం తీయాలి. రెండింటినీ హెచ్చించి, 1.18తో మళ్లీ హెచ్చించి, 0.18 తీసేయాలి. నేను కాగితం మీద చేస్తే 1.07 వచ్చింది, షీట్ మీదా అదే ఉంది. 63.1ని 1.07తో హెచ్చిస్తే 67.5.

ఇక్కడ కాసేపు ఆగాలి, జనం మోసపోయేది ఇక్కడే. అదే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌టీడీ అనే ఇంకో సవరణ ఉంది. అది చల్లటి, చిక్కటి గాలిని ఆధారంగా తీసుకుంటుంది కాబట్టి ఎస్‌ఏఈ కంటే 4 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. అది నొక్కితే మన 67.5 కాస్తా 70 అవుతుంది. పైన 15 శాతం నష్టాన్ని వెనక్కి కలిపి ఇంజన్ పవర్ చూపించమంటే 82 దాటుతుంది. రన్ ఒకటే, తొక్కిన కాలు ఒకటే. 63, 67, 70, 82 అని నాలుగు అంకెలు. ఏదీ అబద్ధం కాదు, కానీ పనికి ముందు ఒక పద్ధతిలో, పని తర్వాత ఇంకో పద్ధతిలో కాగితం తీసి పక్కపక్కన పెడితే అది పచ్చి మోసం. అందుకే ఇకనుంచి ఈ డైరీలో ఒకటే భాష: చక్రం దగ్గర, ఎస్‌ఏఈ సవరణతో. ఇంజన్ దగ్గర ఎంత అన్న అంచనా రాయను.

కాబట్టి బాపు ప్రశ్నకు జవాబు: పోయింది 24 కాదు. ఉండాల్సిన 74కు, ఉన్న 67.5కు మధ్య ఆరున్నర.

ఆ ఆరున్నర ఎక్కడ పోయిందో గరిష్ఠ అంకె చెప్పదు, ఆర్పీఎం పెరిగేకొద్దీ టార్క్ ఎలా మారిందో చూపే గీత చెప్తుంది. షీట్ నుంచి ఎత్తి రాసుకున్నవి: 2500 దగ్గర టార్క్ 86 న్యూటన్ మీటర్లు, 3500 దగ్గర 93, 4500 దగ్గర 98, 5000 దగ్గర 95, 5400 దగ్గర 89, 6000 దగ్గర 78. టార్క్‌ను ఆర్పీఎంతో హెచ్చించి 7121తో భాగిస్తే హార్స్ పవర్ వస్తుంది. 4500 దగ్గర 62, 5400 దగ్గర 67.5, 6000 దగ్గర 65.7. మీ షీట్ మీదా ఒకసారి ఈ లెక్క వేసి చూడండి. కుదరకపోతే డైనోకు ఆర్పీఎం సరిగ్గా అందలేదని అర్థం.

ఇప్పుడు కంపెనీ లెక్కతో పోల్చాను. 4500 దగ్గర 113 లోంచి 15 శాతం తీస్తే 96. మనకు 98 వచ్చింది. అంటే మధ్య ఆర్పీఎంలలో ఈ పద్దెనిమిదేళ్లు దాటిన ఇంజన్ కొత్తదానితో సమానంగా లాగుతోంది! ఇది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బాపుకు చూపిస్తే ఏమీ అనలేదు, కాగితాన్ని మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు. మళ్లీ అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

6000 దగ్గర 87 హార్స్ పవర్ అంటే టార్క్ 103. చక్రం దగ్గర అది 88 ఉండాలి, మనకు 78. రోగం అంతా పైనే ఉంది. రింగులు అరిగి, వాల్వులు కారి, కంప్రెషన్ పోయిన ఇంజన్ అయితే కింది నుంచి పైదాకా గీత మొత్తం కుంగేది. మనది 4500 దాకా నిండుగా ఉండి, అక్కడినుంచి తోక వాల్చింది. కంప్రెషన్ గేజ్ చెప్పిందీ, ఈ గీత చెప్పిందీ ఒకటే మాట.

మరి పైన ఏం తక్కువైంది? గాలా, పెట్రోలా, నిప్పా?

దీనికి జవాబు చాలామంది చూడని మూడో గీతలో ఉంది, ఏఎఫ్ఆర్‌లో. గాలి బరువుకు, పెట్రోలు బరువుకు ఉన్న నిష్పత్తి అది. 2500 నుంచి 4500 దాకా 13 చుట్టూనే ఉంది, పూర్తిగా తొక్కినప్పుడు ఉండాల్సినంత రిచ్, అంటే పెట్రోలు కాస్త ఎక్కువ. 5000 దగ్గర 13.9, 5400 దగ్గర 14.9, 6000 దగ్గర 16.2. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, మామూలు పెట్రోలు పూర్తిగా మండే సమపాళ్ల 14.7 లెక్క దానికి ఎలా సరిపోతుందని ఒక తమ్ముడు అడిగాడు. సరైన ప్రశ్న. ఈ20కి నిజంగా సమపాళ్లు 13.5 దగ్గర ఉంటాయి. కానీ సెన్సరు పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూస్తుంది తప్ప పెట్రోలును కాదు. అది కొలిచేది లాంబ్డా, దాన్ని 14.7తో హెచ్చించి తెర మీద చూపిస్తుంది. వెనక్కి భాగించుకుంటే గొడవ ఉండదు: 13 అంటే 0.88, 16.2 అంటే 1.10. ఒకటి కంటే తక్కువైతే పెట్రోలు ఎక్కువ, ఒకటి దాటితే గాలి ఎక్కువ. పూర్తిగా తొక్కి 6000 దగ్గర 1.10 అంటే ఇంజన్ ఆకలితో పరుగెత్తుతోంది.

ఆపరేటర్ అనుమానం పొగ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందని. గీత ఆకారం మాత్రం చూస్తే ఎవరైనా అదే అంటారు, ఎందుకంటే పొగ బయటికి పోకపోతే తోక ఇలాగే వాలుతుంది. కానీ ఈ ఇంజన్ గాలిని మ్యాప్ సెన్సరుతో, అంటే గాలి లోపలికి వెళ్లే మ్యానిఫోల్డ్ గొట్టంలోని పీడనంతో అంచనా వేస్తుంది. దారి మూసుకుపోయి పాత పొగ సిలిండర్‌లోనే మిగిలితే కొత్త గాలి తక్కువ పడుతుంది, పీడనం మాత్రం అంతే ఉంటుంది కాబట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు తగ్గించదు. అప్పుడు రిచ్ వైపు పోవాలి. మనది లీన్ పోయింది. సైలెన్సర్‌ను ముట్టాల్సిన పని లేదు.

ఇంకో చిక్కు ఉంది. ప్లగ్గు కొట్టకుండా వదిలేసినా సెన్సరు లీన్ అనే చెప్తుంది, మండని గాలి అలాగే బయటికొస్తుంది కాబట్టి. ఇది తేల్చడానికి డైనో వాళ్లు ఇచ్చిన ఫైలును స్మూతింగ్ తీసేసి మళ్లీ చూశాను. స్మూతింగ్ గీతను ఇస్త్రీ చేసినట్టు చదును చేస్తుంది, చిన్న జబ్బులన్నీ దాని కింద దాగిపోతాయి. మిస్‌ఫైర్ ఉంటే గీత రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా రావాలి. రాలేదు, నున్నగానే దిగింది. పైగా 5400 దగ్గర పట్టి ఉంచినప్పుడు ఏఎఫ్ఆర్ నెమ్మదిగా 15.6కు పాకింది కదా, అది బావిలో ఊట కంటే మోటారు ఎక్కువ తోడుతున్నప్పుడు నీళ్లు దిగిపోయే తీరు. పెట్రోలు అందడం లేదు.

ఈ మాట రాస్తూ ఆ సైలెన్సర్, పోర్టింగ్ పని గుర్తొచ్చింది. అవి ముందే చేయించి ఉంటే లోపలికి ఇంకా గాలి వచ్చేది, పెట్రోలు మాత్రం ఉన్నంతే ఉండేది. 6000 దగ్గర ఇంకా లీన్. అలా హైవే మీద తొక్కుకుంటూ పోతే ఎగ్జాస్ట్ వాల్వులు కాలేవి, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్లు దెబ్బతినేవి.

ఫిబ్రవరి 15

ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి (ఫ్యూయల్ రైలు) ముందు టీ ఆకారపు జాయింటు పెట్టి ప్రెషర్ గేజ్ బిగించాం. గొట్టాన్ని బానెట్ కింది నుంచి బయటికి తీసి, గేజ్‌ను అద్దానికి టేపుతో అంటించాం. క్లిప్పులు రెండుసార్లు చూసుకున్నాం, మంటలార్పే సిలిండర్ నా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. పెట్రోలుతో చేసే పనిలో ఇది తప్పనిసరి.

ఊరి బయట ఖాళీ రోడ్డు, పొద్దున ఆరింటికి. రెండో గేర్‌లోనే చేశాం, ఆర్పీఎం పైదాకా వెళ్లినా వేగం చేతిలోనే ఉంటుంది. అన్న స్టీరింగ్ మీద, నేను ఫోన్‌లో గేజ్‌ను వీడియో తీస్తూ. పూర్తిగా తొక్కినప్పుడు 3000 దగ్గర 2.9 బార్. 6000 దగ్గర 1.9.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఇంజెక్టర్ వదిలే పెట్రోలు ప్రెషర్‌తో సమానంగా తగ్గదు, దాని వర్గమూలంతో తగ్గుతుంది. 1.9ని 2.9తో భాగిస్తే 0.655. దాని వర్గమూలం 0.81. అంటే 6000 దగ్గర అందాల్సిన పెట్రోలులో 81 శాతమే అందుతోంది. ఇక డైనో కాగితం: ఏఎఫ్ఆర్ 13 ఉండాల్సిన చోట 16.2. 13ను 16.2తో భాగిస్తే 0.80.

ఒకటి హైదరాబాదులో సైలెన్సర్ కొసన ఆక్సిజన్‌ను కొలిచిన అంకె. ఇంకొకటి ఇక్కడ పెట్రోలు గొట్టం మీద సూది చూపిన అంకె. రెండూ ఒకే చోటికి వచ్చాయి. అన్నకు ఫోన్ చేసి చెప్తే, "ఇంకేంది మరి, పంపు దించుదాం పా" అన్నాడు.

ఫిబ్రవరి 22

పంపు ట్యాంకులో ఉంటుంది. దించే ముందు దాని కనెక్టర్ దగ్గర కరెంటు చూశాం. బ్యాటరీ దగ్గరికీ అక్కడికీ తేడా 0.4 వోల్టులే. వైరింగ్‌లో తప్పు లేదు. ఇది చూడకుండా పంపు మార్చి, తర్వాత రిలే దగ్గర కాలిన వైరు దొరికిన బండ్లు అన్న షెడ్డుకు చాలా వచ్చాయట.

పంపు బయటికి తీశాక దాని అడుగున జల్లెడ సంచి నల్లగా, గట్టిపడి ఉంది. వేలితో నొక్కితే బురద వచ్చింది. బాపు ఎప్పుడూ కొద్దికొద్దిగానే పోయించేవారు, ట్యాంకు నిండిన రోజు నాకు గుర్తులేదు. పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలుతోనే కాబట్టి, అడుగంటిన ట్యాంకులో ఏళ్ల తరబడి తిరిగితే అదీ అలసిపోతుంది. జల్లెడ ఒక్కటే మార్చవచ్చు. నేను మొత్తం అసెంబ్లీనే మార్చాను. ట్యాంకు కడిగించాను.

మళ్లీ అదే రోడ్డు, అదే రెండో గేరు. 3000 దగ్గర 2.9, 6000 దగ్గర 2.8. సీటులో తేడా తెలుస్తోంది, కానీ దాన్ని రాయను. వీపు చెప్పేది వేరు, రోలరు చెప్పేది వేరు.

మార్చి మొదటి శనివారం పొద్దున్నకు అదే డైనో దగ్గర టైం తీసుకున్నాను. ప్లగ్గులు, ఫిల్టర్, ఆయిల్ ఏవీ ముట్టలేదు. డ్యాష్‌బోర్డు మీద అంటించిన చీటీలో ఇలా ఉంది: నాలుగో గేరు, ముందు టైర్లు 32, ఎస్‌ఏఈ, స్మూతింగ్ లేకుండా, మొదటి రన్ వదిలెయ్యాలి. 5400 దగ్గర నాలుగు సెకన్లు పట్టమనాలి. దాని కింద బాపు తన చేతిరాతతో ఒక ముక్క కలిపారు: ట్యాంకు నింపుకొని పో.